ఆడవాళ్ళ సీసాలు

నేను పనిలో చేరినప్పుడు మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. పెద్ద సంగతులన్నీ మద్రాసులో తేలేవి. ఇప్పుడు ప్రయోగశాలల్లో చేరుతున్న పిల్లలు నన్ను తరచుగా అడుగుతుంటారు, అప్పట్లో చక్కెర జబ్బును ఎట్లా కనిపెట్టేవాళ్ళని. కనిపెట్టడం సులభమే. గాజు గొట్టంలో నీలం ద్రావణం పోసి, కొన్ని చుక్కల మూత్రం వేసి, స్పిరిట్ దీపం మీద మరగబెట్టేవాళ్ళం. చక్కెర లేకపోతే నీలం నీలంగానే ఉంటుంది. ఉంటే ఆకుపచ్చకు, పసుపుకు తిరిగి, ఎక్కువుంటే ఇటుక రంగులో అడుగున దిగుతుంది. ఆ గొట్టంలో మేము పోస్తున్నది ఏమిటో తెలుసుకోవడానికి మాత్రం మాకు ఏడాది పైన పట్టింది.

మా మిషన్ ఆసుపత్రికి ఒక డాక్టరు గారు మద్రాసు నుంచి వచ్చారు. అరవాయన. తెలుగు పుస్తకాలు చదివి నేర్చుకున్నారు కాబట్టి కూలికి పోయే ముసలమ్మను కూడా 'తమరు' అనేవారు. పల్లెల్లో ఆడవాళ్ళు ఆ మాట వినడానికే పని మానుకుని వచ్చి నిలబడేవాళ్ళు. ఆయనకు ఆ సంగతి తెలుసు. అయినా మార్చుకోలేదు.

మద్రాసులో ఆయన చూసిన చక్కెర రోగులు ఎక్కువగా వకీళ్ళు, వ్యాపారులు. జబ్బు ముదిరిన వాళ్ళకు పాదాలు తిమ్మిరెక్కేవి, తర్వాత స్పర్శ పోయేది. దెబ్బ తగిలినా తెలియక పుండు పడేది. ఆ పుండు మానేది కాదు. కళ్ళు, మూత్రపిండాలు కూడా పోతాయి గాని, ఆయన మనసంతా పాదాల నరాల మీద ఉండేది. రోజంతా ఎండలో వంగి పనిచేసే బక్క మనుషులకు కూడా ఈ జబ్బు వస్తుందా, వస్తే చెప్పులు లేని ఆ కాళ్ళు ఏమవుతాయి అన్నది ఆయన ప్రశ్న. దానికి జవాబు వెతకడానికే జీతం తగ్గినా మా వైపు వచ్చారని తర్వాత తెలిసింది.

మా వైపు తిమ్మిరి కాళ్ళకు కొదవ లేదు. అయితే కాలికి స్పర్శ పోయి పుండు పడిందంటే జనానికి తెలిసిన పేరు ఒకటే, పెద్దరోగం. కుష్ఠును మేము అట్లా అంటాం. ఆ పేరు పడ్డాక మనిషికి వేరే పళ్ళెం, వేరే పడక. నీళ్ళు పైనుంచి పోస్తారు. కూలికి పిలవరు.

మేమిద్దరం వారంలో రెండు మూడు రోజులు ఊళ్ళు తిరిగేవాళ్ళం. కురిచేడు దాకా రైలు, అక్కడి నుంచి బండి. పుల్లలచెరువు వైపయితే బండి కూడా సగం దారే. ముందురోజు సాయంత్రం, ఊళ్ళో ప్రార్థనలు నడిపే ఉపదేశి చేత ఇంటింటికీ సీసాలు ఇప్పించేవాళ్ళం. తెల్లవారి ప్రార్థన మందిరం వసారాలో బల్ల వేసుకుని కూర్చుంటే వరసగా తెచ్చి ఇచ్చేవాళ్ళు. నేను మరగబెట్టేవాణ్ణి. డాక్టరు గారు ఒక్కొక్కరి పాదాన్ని దూదితో, సూదితో చూసి, రెండు కొమ్ముల ఉక్కు కడ్డీ ఒకటి మోగించి చీలమండ ఎముక మీద ఆనించేవారు. అది అదిరేది తెలిస్తే నరం బాగున్నట్టు. "తమరికి తెలుస్తున్నదా?" అని అడిగితే ఒక ముసలాయన చెవి కిందికి వంచి, "మోగుతా ఉండాది గాని, నా కాలా మీ ఇనుమా అనేది తెలవడం ల్యా" అన్నాడు. డాక్టరు గారు ఆ జవాబును మెచ్చుకున్నారు. తేడా చెప్పగలిగిన మొదటి మనిషి అన్నారు.

ఏడాది తిరిగేసరికి ఒక సంగతి తేలింది. మగవాళ్ళలో అక్కడొకరికి ఇక్కడొకరికి గొట్టం ఇటుక రంగుకు తిరిగింది, బక్క కూలీలకు కూడా. ఆడవాళ్ళలో దాదాపు ఎవరికీ లేదు. గొట్టాలన్నీ నీలమే. ఆడవాళ్ళ సీసాలకు వాసన మాత్రం ఘాటుగా ఉండేది. ఎండకు నిలవుంటుందేమో అనుకున్నాం. కూలికి పోయే ఆడవాళ్ళకు ఈ జబ్బు రాదని, కారణం వెతకవలసి ఉందని డాక్టరు గారు మద్రాసుకు రాశారు. అక్కడి పెద్దలు ఆసక్తి చూపించారు. ఆయన ముఖంలో సంతోషం నేను చూసింది ఆ వారమే.

కురిచేడుకు పడమరగా ఒక పల్లె ఉంది. అందులో సగం కొంపలు క్రైస్తవులవి, మిగతా సగం గొర్రెలు మేపుకునే వాళ్ళవి. ఆ క్రైస్తవ కుటుంబాల్లో ఒక పెద్దమ్మ ఉండేది. భర్త లేడు, కొడుకూ కోడలూ ఉన్నారు. జొన్న కోతలో ఆమె ముందు సాలు పట్టేదట. కుడికాలి బొటనవేలి కింద పుండు పడి మానకపోయేసరికి పెద్దరోగమన్నారు. మేము చూసేనాటికి ఆమె పడక మేకల కొట్టంలోకి మారింది. ఆదివారం మందిరంలోకి రానివ్వరు. కిటికీ బయట కూర్చుని పాటలు పాడేది. గొంతు పెద్దది కావడంతో లోపలివాళ్ళు ఆమె రాగాన్నే పట్టుకుని పాడవలసి వచ్చేది.

డాక్టరు గారు ఆమెను చూసిన ప్రతిసారీ అసంతృప్తిగా లేచేవారు. చర్మం మీద మచ్చ లేదు. మోచేతి దగ్గర నరం తడిమితే లావెక్కలేదు. చెవితమ్మె నుంచి తీసిన ద్రవంలో సూక్ష్మదర్శినికి ఏమీ చిక్కలేదు. ఇది కుష్ఠులా లేదనేవారు. కానీ మచ్చ లేకుండా నరాలకు మాత్రమే పట్టే కుష్ఠు కూడా ఉంది. ఇక మిగిలింది చక్కెర. ఆమె సీసా ప్రతిసారీ నీలమే.

ఇంతలో ఊళ్ళో ఒత్తిడి పెరిగింది. ఆమెను కుష్ఠు ఆశ్రమానికి పంపాలని పెద్దలు పట్టుబట్టారు. అది రెండు జిల్లాల అవతల. అక్కడికి పోయినవాళ్ళు తిరిగి రావడం ఆ ఊళ్ళో ఎవరూ చూడలేదు. కోడలు ఏడ్చింది గాని వద్దనలేదు. ఆమెకు చంటిబిడ్డ ఉంది. ఉపదేశి మంచివాడే. ఆయన బాధ వేరు. వాళ్ళ మందిరంలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల దగ్గర ఒకే గిన్నె. అందరూ దానిలోనే తాగాలి. ఆమెను రానిస్తే సగంమంది రారు. రానివ్వకపోతే ఏ తప్పుకు వెలివేసినట్టో ఆయన చెప్పలేడు. డాక్టరు గారు వచ్చి అందరి ముందర ఒక మాట చెప్తే దాని ప్రకారం నడుచుకుంటామని కబురు పంపాడు. బల్ల ఆచరించే ఆదివారం రమ్మన్నాడు.

పోయేటప్పుడు రైల్లో డాక్టరు గారు ఆమె కాగితాలు ముందేసుకున్నారు. ఏం చెప్తారని అడిగాను. "తెలిసినంత చెప్తాను. ఎందుకు అనుకుంటున్నానో కూడా చెప్తాను. ఆమె జీవితం గురించి కదా, ఆమెకు వినే హక్కు ఉన్నది" అన్నారు. నాకు గుర్తున్నంతవరకు, ఆ సీసాలు ఎందుకో ఊళ్ళో ఎవరికైనా చెప్పాలన్న ఆలోచన మాకు రావడం అదే మొదలు. అంతవరకు ఉపదేశికి ఇవ్వడం, తీసుకోవడం, పోవడం. వాళ్ళకు అర్థం కాదనుకున్నామో, మాకు తీరలేదో ఇప్పుడు చెప్పలేను.

మందిరం నిండింది. ఆమె ఎప్పటిలాగే కిటికీ అవతల కూర్చుంది. పాటలయ్యాక ఉపదేశి డాక్టరు గారిని పిలిచాడు. ఆయన లేచి తన పుస్తకాల తెలుగులో నెమ్మదిగా చెప్పారు. పాదాలకు స్పర్శ పోవడానికి కారణాలు రెండున్నాయి. ఒకటి మీరు భయపడే జబ్బు. రెండోది ఒంట్లో చక్కెర పేరుకునే జబ్బు. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటదు. మూత్రంలో చక్కెర కనబడితే రెండోది అని అనుకోవచ్చు. మేము సీసాలు తీసుకునేది అందుకే. ఈ తల్లి సీసాలో ఎన్నడూ చక్కెర కనబడలేదు. కనుక మొదటి జబ్బు కాదని నేను చెప్పలేకపోతున్నాను.

జనం కదిలారు. కొడుకు తల వంచుకున్నాడు. కిటికీ అవతల నుంచి ఆమె పిలిచింది.

"అయ్యా, చక్కెర లేదన్నది ఎవురికి?"

"తమరికే, అమ్మా."

"నాది మీరు యాడ చూసినారు? మీరు చూసింది మా మేకది."

ఎవరికీ అర్థం కాలేదు. ఉపదేశి కిటికీ దగ్గరికి పోయి, "ఏందమ్మా నువ్వు మాట్లాడేది?" అన్నాడు.

ఆమె లేచి నిలబడింది. ఊచల మధ్య ముఖం కనిపించింది. పడాల్సిన సిగ్గంతా పడి, ఇక మిగలలేదన్నట్టు మాట్లాడింది. "పొద్దన్నే అంతమంది మొగోళ్ళు కూకోనుంటే, ఆ సీసా చేతబట్టుకోని నేనెట్ల వచ్చేది? కన్నకొడుకు చేతికి ఎట్ల ఇచ్చేది? మేక లేస్తానే పోస్తాది, కింద చిప్ప పెడితే సరి. అది నాది కాదు గదా, ఎవురు చూస్తే నాకేంది అని తెచ్చిచ్చినా. అది ఇట్ల నా పానం మీదికి వస్తాదని ఎవురు చెప్పినారు? వచ్చినప్పుడల్లా మా మేకకు చక్కెర లేదని రాసుకోని పోతా ఉండారు. దాని కాళ్ళు బాగానే ఉండాయి."

వెనక వరసలో ఎవరో నవ్వారు, ఆ నవ్వు వెంటనే ఆగిపోయింది. డాక్టరు గారు మెల్లగా తిరిగి ఆడవాళ్ళు కూర్చున్న వైపు చూశారు. అందరూ కొంగులు సర్దుకుంటున్నారు. ఆయన అడగబోతున్నది గ్రహించి ముందు వరసలో ఒక ముసలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"అడగబాకు నాయనా. మేక అందరికీ యాడుంది? మేమూ దాని కాడికే పోయినాం."

డాక్టరు గారు బెంచీ మీద కూర్చుండిపోయారు. ఏడాది శ్రమ, మద్రాసుకు రాసిన రాత, అంతా ఒక మేక. ఆయన నవ్వుతారో కోప్పడతారో నాకు తెలియలేదు. కాసేపటికి లేచి, సంచిలోంచి సీసా తీసి, కిటికీ దగ్గరికి తానే నడిచి ఊచల్లోంచి అందించారు. "ఈసారి తమరిది ఇవ్వండి. ఎందుకో తమరికి తెలుసు" అన్నారు.

ఆమె కొట్టం వెనక్కి పోయి వచ్చింది. ఊరంతా చూస్తుండగా సీసా పట్టుకుని మందిరం ముందుకు నడిచి వచ్చి నా చేతికే ఇచ్చింది. కొడుకు పక్కకు తిరిగి నిలబడ్డాడు. నేను మెట్టు మీద స్పిరిట్ దీపం వెలిగించాను. ఎండలో ఆ మంట కనబడదు. గొట్టం చేతిలో వేడెక్కుతుంటే వెనక జనం ఊపిరి వినిపించింది. నీలం పచ్చకు తిరిగింది. పసుపయింది. దీపం మీది నుంచి తీసేసరికి ఇటుక రంగు అడుగున దిగుతోంది. నా ఉద్యోగంలో ఎన్ని గొట్టాలు మరగబెట్టానో చెప్పలేను. ఒక జబ్బు బయటపడినందుకు మనసు తేలికపడింది ఆ ఒక్కసారే.

కానీ ఉపదేశికి కావలసింది రంగు కాదు. "అయితే అది పెద్దరోగం కాదని చెప్పండి" అన్నాడు.

డాక్టరు గారు వెంటనే చెప్పలేదు. ఒకే మనిషికి రెండూ ఉండవచ్చునని ఆయనకు తెలుసు. నాకూ తెలుసు. మచ్చ లేదు, నరం లావు లేదు, ద్రవంలో ఏమీ లేదు, ఇప్పుడు చక్కెర ఉంది. నూటికి నూరుపాళ్ళు అనే అలవాటు ఆయనకు లేదు. ఉపదేశి ఓపిగ్గా చూసి మరో విధంగా అడిగాడు. "ఆమె తాగిన గిన్నెలో మీరైతే తాగుతారా?"

"తాగుతాను."

"చాలు."

ప్రభువు బల్ల మొదలైంది. ఉపదేశి ఆమెను లోపలికి పిలిచి గిన్నె ముందు ఆమెకే ఇచ్చాడు. ఆమె తాగింది. తర్వాత ఆయన తాగాడు. కొందరు లేచి వెళ్ళిపోయారు. ఎక్కువమంది ఉన్నారు. కోడలు చంటిబిడ్డను చంకనెత్తుకుని ఎటూ పోలేక వాకిట్లోనే నిలబడి, చివరికి వచ్చి అత్త పక్కన కూర్చుంది.

తిరుగు బండిలో డాక్టరు గారు నవ్వడం మొదలుపెడితే కురిచేడు దాకా ఆగలేదు. ఆసుపత్రికి వచ్చాక మాత్రం తలుపేసుకుని మద్రాసుకు రాశారు. ఆడవాళ్ళ విషయంలో తాను రాసిందంతా తప్పని, కారణం ఇదని దాచకుండా రాశారు. ఆ తర్వాత చాన్నాళ్ళపాటు అక్కడి నుంచి వచ్చే ప్రతి జాబులోనూ మేకల ఆరోగ్యం గురించి ఒక ప్రశ్న ఉండేది. ఆయన వాటికి మర్యాదగా జవాబు రాసేవారు.

మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాం. ఈసారి ఆసుపత్రి నర్సు ఒకామె మాతో వచ్చింది. ముందు ఇళ్ళల్లో కూర్చుని ఎందుకో చెప్పేది. సీసాలు ఆమే తెచ్చేది. మిగతా ఊళ్ళల్లోనూ మేకో గొర్రో ఆదుకుందని ఆడవాళ్ళు ఆమెకే చెప్పారు. ఆడవాళ్ళ గొట్టాలు రంగు మారడం మొదలైంది. తర్వాతి కాలంలో ఆ నర్సు నా భార్య అయింది. పోయిన ఏడాది ఇదే జబ్బు ఆమెను తీసుకుపోయింది. చివరి నెలల్లో వేడినీళ్ళు కాలి మీద పడినా తెలిసేది కాదు. నాకంటే ముందు ఆమే కనిపెట్టి, పాత ఉక్కు కడ్డీ తెచ్చి మోగించి చూడమంది. చూశాను. ఆమెకు తెలియలేదు.

పెద్దమ్మ సంగతికి వస్తాను. కనిపెట్టడం వేరు, నయం చేయడం వేరు. అది రెండో ప్రపంచ యుద్ధ కాలం. ఇన్సులిన్ మద్రాసుకే సరిగ్గా వచ్చేది కాదు. తిండి సగం తగ్గించమని డాక్టరు గారు చెప్తే ఆమె, "నేను తినేదే ఒక పూట. సగం పొద్దుటిది తియ్యాలా, మాపటిది తియ్యాలా?" అని అడిగింది. ఆయన మళ్ళీ ఎవరికీ ఆ సలహా అట్లా చెప్పలేదు. కొడుకు తోలు పని తెలిసినవాడు. లోపల మెత్తటి పొర వేసి చెప్పులు కుట్టిచ్చాడు. పుండు ఎండింది. ఆమె మళ్ళీ కోతకు పోయింది. ఒకరోజు పొలం నుంచి ఇంటికి వచ్చాక గాని కుడికాలికి చెప్పు లేదని ఆమెకు తెలియలేదట. దారిలో ఎక్కడో జారిపోయింది. దారంతా పల్లేరుకాయలు. ఆ కాలు చీము పట్టేనాటికి వాన కురిసింది, గుండ్లకమ్మ పొంగింది, బండి దాటలేదు. మాకు కబురు అందేసరికి ఆమె లేదు.

మేము ముగ్గురం పోయాం. డాక్టరు గారి సంచిలో మూత బిగించిన గాజు జాడీ ఒకటి ఉంది, అందులో ఫార్మలిన్, కోసి తీసినది కుళ్ళకుండా నిలవుంచే ద్రావణం. నేనే నింపి ఇచ్చాను. పాదంలోంచి ఒక చిన్న నరం ముక్క. ఆయన ప్రశ్నకు కావలసింది అదే. సూక్ష్మదర్శిని కింద ఆ నరం ఎట్లా పాడైందో చూస్తే ఏళ్ళ తరబడి అడుగుతున్నది తేలుతుంది. మద్రాసులో అడగకుండానే తీసేవాళ్ళు. కొడుకుని అడిగితే కాదనడని నాకూ, ఆయనకూ తెలుసు. ఆమెనే బతికుండగా అడిగి ఉంటే కొడుకు కంటే ముందే ఒప్పుకునేది.

మేము పోయేసరికి కొట్టం ముందు తడికలు అడ్డం కట్టి లోపల స్నానం చేయిస్తున్నారు. మగవాళ్ళం బయట నిలబడ్డాం. నర్సు లోపలికి పోయి వచ్చి చెప్పింది. ఆనాడు మందిరంలో చెయ్యి అడ్డం పెట్టిన ముసలమ్మ పెద్దమ్మ పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళ సందుల్లో కూడా వేలితో తోమి కడుగుతోందట. ఆ ఆదివారం లేచి వెళ్ళిపోయిన వాళ్ళలో ఇద్దరు నీళ్ళు పోస్తున్నారట.

డాక్టరు గారు విన్నారు. సంచిని ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నారు. ఊరేగింపు వెంట నడిచారు. మట్టి వేశారు. కొడుకుతో రెండు మాటలు మాట్లాడారు. సంచి తెరవలేదు.

బండి ఊరు దాటాక నేను ఉండబట్టలేక అడిగాను. "అడగలేదేం సార్? ఇంకెప్పుడు దొరుకుతుంది?"

ఆయన సంచిని కాళ్ళ దగ్గరికి జరుపుకున్నారు.

"ఇప్పుడిప్పుడే వాళ్ళు ఆ కాలును ముట్టుకుంటున్నారు" అన్నారు.